నాన్న క్యాసెట్లకు కొత్త కవర్లు గీస్తున్నాను, సలహాలు కావాలి

సూరి_రాజమండ్రి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి దగ్గర 112 క్యాసెట్లు ఉన్నాయి. ఎక్కువగా 80ల్లో, 90ల మొదట్లో కొన్నవి. రెండేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు ఆ పెట్టె చెమ్మగా ఉన్న గదిలో ఉండిపోయింది. టేపులు చాలావరకు బతికాయి గానీ లోపలి అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయి చిరిగిపోయాయి. పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇప్పుడు కవర్లు నేనే తయారు చేద్దామనుకుంటున్నాను. రెండు రకాలు కావాలి: క్యాసెట్ డబ్బాలో పెట్టే అట్ట, ఫోన్‌లో పాట మోగేటప్పుడు కనిపించే చదరపు బొమ్మ.

నెట్‌లో దొరికేవి ఎందుకు వద్దంటే, పాత సినిమా పాట పెడితే చాలాసార్లు ఏదో హిట్స్ సంకలనం బొమ్మ వస్తుంది. అందులో వేరే సినిమా హీరో ఉంటాడు. నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని "ఇది కాదురా" అంటారు. మోగేది అదే పాట, అయినా కాదంటారు. ఆయన బాధ నాకు అర్థమైంది.

'సాగర సంగమం'తో మొదలుపెట్టాను. పోస్టర్ తీసుకుని చదరంగా కత్తిరించి పైన పేరు పెట్టాను. బొమ్మ జోడించాను చూడండి. బాగాలేదని తెలుస్తోంది, ఎందుకు బాగాలేదో తెలియడం లేదు.

డీటీపీ_రమణ:
సూరి గారూ, ముందు కొలతలు చెప్తాను, అందం సంగతి పెద్దలు చెప్తారు. విజయవాడలో ముప్పై ఏళ్లుగా డీటీపీ, ప్రింటింగ్ పనే నాది.

క్యాసెట్ అట్ట ఎత్తు 4 అంగుళాలు, అంటే 101.6 మి.మీ. ముందు ముఖం వెడల్పు సుమారు 65 మి.మీ., వీపు అర అంగుళం, వెనక్కి మడిచే చిన్న రెక్క 16 మి.మీ. విప్పి పరిస్తే మొత్తం 94 మి.మీ. లోపే. సీడీ కూడా చేస్తానంటే ముందు అట్ట 120×120 మి.మీ., వెనకది 151×118, దానికి రెండు పక్కలా 6.5 మి.మీ. మడత. కత్తిరింపు కోసం చుట్టూ 3 మి.మీ. బొమ్మను ఎక్కువగా వదలండి. లేకపోతే కత్తెర కొంచెం పక్కకు పోయినా తెల్ల గీత కనిపిస్తుంది.

120 మి.మీ.కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 1417 పిక్సెల్స్. ఫోన్ కోసం మాత్రం 3000×3000లో గీసి దాచుకోండి, తర్వాత ఎంతకైనా తగ్గించుకోవచ్చు. చిన్నదాన్ని పెంచితే మసక తప్పదు.

మీ బొమ్మలో నాకు కనిపించిన మొదటి లోపం చెప్తాను. క్యాసెట్ ముఖం నిలువు, ఫోన్ బొమ్మ చదరం. ఒకటి గీసి రెండోదానికి కత్తిరిస్తే తలో, పేరో పోతుంది. అవే ముక్కలతో రెండు సార్లు అమర్చుకోవాలి.

పద్మ_పాతపాటలు:
నాయనా సూరీ, మీ నాన్నగారి "ఇది కాదురా" చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లోనూ అదే మాట వినేదాన్ని.

పోస్టర్ పని వేరు, పాటల కవర్ పని వేరు. రోడ్డు మీద పోయేవాణ్ణి నిలబెట్టి టికెట్ కొనిపించడం పోస్టర్ పని. అందుకే అందులో హీరో మొహం పెద్దగా ఉంటుంది, ఫైటింగ్ ఉంటుంది, పేర్లన్నీ ఉంటాయి. పాటల కవర్ చూసేవాడు ఎప్పుడో కొనేశాడు. వాడిప్పుడు వింటున్నాడు. కాబట్టి ఆ బొమ్మ, చెవిలో మోగేదానికి జోడు కావాలి. నువ్వు పోస్టర్ తెచ్చి పెట్టావు, అది ఇంకా టికెట్ అమ్ముతూనే ఉంది.

నేను ఇలా చేస్తాను. సినిమా చూడను, స్టిల్స్ వెతకను. పాటలు వరుసగా కళ్లు మూసుకుని వింటాను. ఏ బొమ్మ రెండు మూడు పాటల్లో మళ్లీ మళ్లీ వస్తుందో అదే కాగితం మీద పెడతాను. 'గీతాంజలి'కి అలా విన్నప్పుడు నాకు మనుషులు రాలేదు, ఊటీ మంచు వచ్చింది. అది 1989 సినిమా, కెమెరా పి.సి. శ్రీరామ్, ఇళయరాజా సంగీతం. ఆ తీగవాద్యాల వెనక ఎంత ఖాళీ ఉంటుందో విను. అందుకని కవర్ మూడొంతులు ఖాళీ వదిలేశాను, బూడిద తెలుపు. కింద ఒక మూల చిన్న చెట్టు, అంతే. మా అమ్మాయి చూసి "పేరు లేకపోయినా చెప్పేస్తానమ్మా" అంది.

'సాగర సంగమం'లో నీకు ఏమి వినిపిస్తోంది? అది చెప్పు ముందు.

సూరి_రాజమండ్రి:
పద్మ గారూ, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే విన్నాను. నాకు నీళ్లు, గజ్జెలు వినిపించాయి. బావి గట్టు మీద ఆడే ఆ సన్నివేశమే కళ్ల ముందుకొచ్చింది. కానీ మనిషిని గీస్తే మళ్లీ పోస్టర్ అయిపోతుందేమో అని భయం.

పద్మ_పాతపాటలు:
మనిషిని తీసెయ్. బావిని పైనుంచి చూడు.

సూరి_రాజమండ్రి:
రెండో బొమ్మ జోడించాను. బావిని పైనుంచి చూస్తే గుండ్రం. గట్టు ఇటుక రంగు, లోపల నలుపుకి దగ్గరగా ఉండే నీలం, గట్టు మీద విప్పిన గజ్జెల పట్టీ. ఫోన్‌లో చిన్నగా చూసినా గుండ్రం కనిపిస్తోంది. నాన్నకి ఇంకా చూపించలేదు.

నీలిమ_గీతలు:
చాలా బాగుంది సూరి గారూ! గజ్జెలు ఇంకొంచెం అంచు దాటి బయటికి వస్తే లోతు తెలుస్తుంది.

పద్మ గారి మాటతో ఒకచోట మాత్రం నేను ఒప్పుకోను. పోస్టర్, కవర్ ఒకటే అయినా కుదిరిన సందర్భాలున్నాయి. 1959లో 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' అనే అమెరికన్ సినిమాకి సాల్ బాస్, ముక్కలు ముక్కలుగా కత్తిరించినట్టుండే ఒక మనిషి ఆకారం గీశాడు. పోస్టర్ మీదా అదే, డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతం ఉన్న రికార్డు మీదా అదే. ఆ జాజ్ కూడా అలాగే తెగుతూ, అతుక్కుంటూ నడుస్తుంది. పోస్టరే పాట లాగా ఉంటే వేరే కవర్ అక్కర్లేదు. మన పోస్టర్లలో అలాంటివి తక్కువ, అది నిజం.

ఇంకో సంగతి. రికార్డుకి బొమ్మ కవర్ ఉండాలన్న ఆలోచన వచ్చి ఇంకా వందేళ్లు కాలేదు. అంతకు ముందు రికార్డుల ఆల్బమ్‌లంటే పేరు మాత్రం అచ్చేసిన సాదా అట్టలే. కొలంబియా రికార్డ్స్‌లో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు, 1940 ప్రాంతంలో, వాటి మీద బొమ్మలు వేద్దామని పట్టుబట్టాడు. అప్పుడతనికి ఇరవై మూడేళ్లు దాటలేదు. అతను వేసింది కూడా పాడేవాళ్ల మొహాలు కాదు, రంగులూ ఆకారాలూ.

గోదారిగట్టు:
అందరూ కొత్తవి గీయమంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఆ పాత అట్టలు కూడా ఎవరో కూర్చుని గీసినవే. బాపు గారి 'సాక్షి' నుంచి వందల సినిమాలకు ప్రచార కళ చేసిన ఈశ్వర్ గారు 'సినిమా పోస్టర్' అని ఏకంగా పుస్తకమే రాశారు. అంత పని జరిగిన చోట, ఉన్నదాన్ని బతికించకుండా కొత్తది పెట్టడం తొందరపాటు. సూరి గారూ, చిరిగిన అట్టల్ని పారేశారా? పారేయకపోతే స్కాన్ చెయ్యండి.

పద్ధతి చెప్తాను. పాత అచ్చులో బొమ్మంతా చుక్కలే. 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఆ చుక్కలూ స్కానర్ గీతలూ కలిసి చీర మీద నీటి మరకల్లాంటి అలలు వస్తాయి. 600 గానీ 1200 గానీ పెట్టి స్కాన్ చేసి, చుక్కలు కలిసిపోయేంత వరకు కొద్దిగా మసక చేసి, ఆ తర్వాత సగానికి తగ్గించండి. అలలు పోతాయి. అక్షరాల్ని మాత్రం మసక చెయ్యకండి, వాటిని వేరే పొర మీద మళ్లీ గీసుకోవాలి. రంగు వెలిసిపోయిన అట్టల్లో ముందు పోయేది పసుపూ ఎరుపూ, మిగిలేది నీలం. అందుకే అన్నీ నీలంగా కనిపిస్తాయి. కాగితం తెల్లగా ఉండాల్సిన చోటుని చూసి రంగులు సరిదిద్దుకుంటే చాలా వరకు వెనక్కి వస్తాయి. నేను ఒక్కో అట్టకి రెండు మూడు ఆదివారాలు పెట్టాను. నాకు విసుగు రాలేదు.

సూరి_రాజమండ్రి:
పారేయలేదండీ, కవర్లో పెట్టి ఉంచాను. 31 అట్టలు స్కాన్‌కి పనికొచ్చేలా ఉన్నాయి. వాటిని మీరు చెప్పినట్టు బాగుచేస్తాను. మిగతావాటికే కొత్తవి గీస్తాను. ఇది బాగుంది, నాకు ఇంతవరకు తట్టలేదు.

ఒక సమస్య. ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. 'స్వాతిముత్యం' అని కొడితే స, పక్కన పొల్లు, పక్కన వా అని వస్తోంది.

డీటీపీ_రమణ:
ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అనేది ఎంచుకోండి. మూసి మళ్లీ తెరవండి. కొత్త వెర్షన్లలో ఆ చోట పేరు కాస్త వేరుగా ఉంటుంది. పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' కూడా పెట్టండి. డబ్బు పెట్టకుండా చేయాలంటే ఇంక్‌స్కేప్, గింప్ వాడండి, వాటిలో ఒత్తులు సరిగ్గానే వస్తాయి. పాత 'అను' కంపెనీ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కావు, వాటిలో టైప్ చేసింది వేరే చోట అతికిస్తే గజిబిజి అయిపోతుంది. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పెద్ద అక్షరాలకి రామభద్ర, లోపల పాటల జాబితాకి మండలి తీసుకోండి.

అక్షరాల_మురళి:
ఫాంట్ల దాకా వచ్చారు కాబట్టి నా మాట కూడా వినండి. తెలుగు పేరు కవర్ మీద పెట్టడం ఇంగ్లీషు పేరు పెట్టినంత తేలిక కాదు. మన అక్షరం పైకి గుడి, కిందికి ఒత్తు, రెండు వైపులా పెరుగుతుంది. ఫోన్‌లో వేలిగోరంత బొమ్మలో ఆ ఒత్తు చుక్క అయిపోతుంది.

సూరి గారూ, మీ జాబితాలో పేర్లు ఒకసారి చూడండి. సితార, గీతాంజలి, శంకరాభరణం, సాగర సంగమం: ఒక్క ఒత్తు లేదు! వీటిని ఒకే వరుసలో బారుగా పెట్టినా చదవచ్చు. సప్తపది, రుద్రవీణ, స్వర్ణకమలం: వీటికి కింద చోటు వదలాల్సిందే. నేనైతే ఒత్తుల్ని అలంకారంగా మార్చేస్తాను. స్వర్ణకమలంలో 'ర్ణ' కింద ఉన్న ణ వత్తును సాగదీసి కాలి అందెలా తిప్పాను. ఫాంట్‌తో అది రాదు, ముందు చేత్తో గీయాలి. తర్వాత ఇంక్‌స్కేప్‌లో దాని మీదుగా గీత లాక్కోవాలి.

క్యాసెట్ వీపు మీద అక్షరాల్ని ఒకదాని కింద ఒకటి పేర్చకండి. ఒత్తున్న అక్షరం కింది అక్షరం నెత్తిన కూర్చుంటుంది. పేరంతా ఒకే వరుసలో రాసి మొత్తాన్ని పక్కకి తిప్పండి. 112 క్యాసెట్లూ ఒకే వైపుకి తిరిగి ఉండాలి, లేకపోతే అరలో పెట్టినప్పుడు మెడ అటూ ఇటూ తిప్పాలి.

బాపు గారి చేతిరాత ఫాంట్ అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. అయినా ప్రతి కవర్ మీదా అది పెట్టవద్దని మనవి. 'ముత్యాల ముగ్గు'కి పెట్టండి, 1975లో ఆ సినిమా తీసింది ఆయనే కాబట్టి అందం. ఇళయరాజా పాటల మీద అదే రాత పెడితే పాట ఒకరిదీ గొంతు ఒకరిదీ అన్నట్టు ఉంటుంది.

డీటీపీ_రమణ:
మురళి గారికి తోడు ఇంకో ముక్క. చిన్న అక్షరాల్ని నల్ల రంగు ఒక్కదానితోనే అచ్చు వేయించండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే, మెషీన్‌లో ఒక్క రంగు వెంట్రుకంత జరిగినా ఒత్తుల చుట్టూ ఎర్ర నీడ వస్తుంది. 7 పాయింట్ల కంటే చిన్న తెలుగు అచ్చులో పూడుకుపోతుంది.

కిరణ్_హెచ్‌వైడీ:
నేను 'రుద్రవీణ' కవర్ ఏఐ బొమ్మల టూల్‌తో చేయించాను, రెండు నిమిషాల్లో వచ్చింది. జోడించాను. వీణ, వెనక సూర్యోదయం. రంగులు అద్భుతంగా ఉన్నాయి. సూరి అన్నా, ఇలా చేస్తే 80 కవర్లు రెండు రోజుల్లో అయిపోతాయి.

వీణ_వసంత:
కిరణ్ బాబూ, రంగులు నిజంగా బాగున్నాయి. కానీ నేను నలభై ఏళ్లుగా పిల్లలకి వీణ నేర్పుతున్నాను, కాబట్టి చెప్పక తప్పదు. వీణకి 24 మెట్లు, అంటే తీగని నొక్కి పట్టే అడ్డ కమ్మీలు. నీ బొమ్మలో 15 లెక్కపెట్టాను. తీగలు ఏడు: నాలుగు వాయించేవి, మూడు పక్కన తాళానికి. నీ బొమ్మలో తొమ్మిది ఉన్నాయి, అందులో రెండు ఎక్కడికీ చేరకుండా గాల్లో ఆగిపోయాయి. చిన్న బుర్ర కూడా తప్పు వైపు ఉంది. వినేవాళ్లలో వీణ తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్లకి ఆ కవర్, అపస్వరంతో మొదలైన కచేరీ లాంటిది.

మృదంగం గీసేటప్పుడు కూడా జాగ్రత్త. కరణి, అంటే మధ్యలో ఉండే నల్లటి గుండ్రటి పూత, ఉండేది కుడిచేతి మూతకి. బొమ్మని అద్దంలోలా తిప్పేస్తే కళాకారుడు ఎడమచేతి వాటం అయిపోతాడు. తంబురాకి తీగలు నాలుగు.

కిరణ్_హెచ్‌వైడీ:
అమ్మా, మెట్లు లెక్కపెట్టాలని నాకు తెలియదు. థాంక్స్. మా వీధిలో ఒకరింట్లో వీణ ఉంది, రేపు వెళ్లి ఫోటో తీసుకుని దాన్ని చూసి గీస్తాను. ఆలస్యమైనా పర్లేదు.

పద్మ_పాతపాటలు:
'మాయాబజార్' క్యాసెట్ ఉందా సూరీ? దానికి బొమ్మ కంటే ముందు పేర్లు చూసుకో. సంగీతం ఘంటసాల అని ఒక్క పేరే రాసి ఊరుకుంటారు. నాలుగు పాటలకు వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. 'లాహిరి లాహిరి' వాటిలో ఒకటి. మనం సొంతంగా వేసుకుంటున్నాం కాబట్టి ఆ పేరు చేర్చుకునే అదృష్టం మనకుంది. పాటలు రాసింది పింగళి అని కూడా మర్చిపోకు.

బొమ్మకి, 2010లో రంగులద్ది విడుదల చేసిన కాపీ నుంచి ఫ్రేములు తీసుకోకు. 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లోనే ఆ వెన్నెల పండించాడు. కవర్ కూడా నలుపు తెలుపుల్లోనే ఉండనీ. పడవ, నీటి మీద వెలుగు గీత చాలు.

నీలిమ_గీతలు:
టీవీ సీరియల్ పాటల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను 'మాల్గుడి డేస్' టైటిల్ సంగీతానికి గీశాను. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ చిన్న వరస వింటే దూరదర్శన్ రోజుల్లోని సాయంత్రం వచ్చేస్తుంది. టైటిల్స్‌లో ఆర్.కె. లక్ష్మణ్ గీతలున్నాయి. వాటిని దింపేయాలనిపిస్తుంది. దింపలేదు, ఆయన చేతిని అనుకరిస్తే నాది నకలే అవుతుంది. కర్ణాటకలోని అరసాళు రైల్వే స్టేషన్‌నే మాల్గుడి స్టేషన్‌గా చూపించారు కదా. ఖాళీ ప్లాట్‌ఫారం, ఒక బల్ల, బల్ల మీద మర్చిపోయిన గొడుగు గీశాను. గొడుగు కథలో లేదు, నాకు వినిపించింది.

మధు_డాలస్:
ఫోన్‌లో, కార్‌లో కనిపించడం గురించి చెప్తాను. నేను మా నాన్నగారి పాటలన్నీ కార్లో పెన్‌డ్రైవ్‌లో వింటాను. బొమ్మని ఫోల్డర్‌లో పెడితే చాలదు, ప్రతి పాట ఫైల్ లోపల పొదగాలి. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి చేయొచ్చు. 3000 పిక్సెల్స్ బొమ్మ పొదగకండి, పది పాటలకీ పదిసార్లు బరువు పెరుగుతుంది. 800 నుంచి 1000 చాలు. జేపెగ్ దాచేటప్పుడు 'ప్రోగ్రెసివ్' వద్దు, 'బేస్‌లైన్' పెట్టండి. నా కారు మొదటిదాన్ని అసలు చూపించలేదు. దీన్ని పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. ప్రింటు కోసం సీఎంవైకేలో (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతి) చేసిన ఫైల్‌నే పొదిగితే కొన్నింటిలో రంగులు తిరగబడతాయి, అందుకని ఆర్‌జీబీది (స్క్రీన్ రంగుల పద్ధతి) వేరుగా ఉంచుకోండి.

ఒకే క్యాసెట్‌లో 'ఎ' వైపు ఒక సినిమా, 'బి' వైపు ఇంకో సినిమా ఉంటే రెండు ఆల్బమ్‌లుగా విడదీసి రెండు బొమ్మలు పెట్టండి.

మోడరేటర్:
ఒక మనవి. ఇంట్లో మన క్యాసెట్‌కి, మన ఫోన్‌కి చేసుకునే కవర్ల గురించి ఎంతైనా మాట్లాడుకుందాం. ప్రింట్లు అమ్ముతాం అనే పోస్టులు మాత్రం ఉంచము. మన చట్టంలో సినిమాకీ, సౌండ్ రికార్డింగుకీ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. బొమ్మకైతే గీసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. పాటల ఫైళ్ల లింకులు కూడా పెట్టవద్దు.

సూరి_రాజమండ్రి:
పదిహేను రోజులు ఇటువైపు రాలేకపోయాను. 31 పాతవాటిలో 12 బాగయ్యాయి. కొత్తవి తొమ్మిది గీశాను. మొన్న ఆదివారం అన్నీ నాన్న ముందు పరిచాను. బావి కవర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. లేచి వెళ్లి టేప్ రికార్డర్ తీసి, ఆ క్యాసెట్ పెట్టారు.

తర్వాత బీరువాలోంచి ఇంకో డబ్బా తెచ్చారు. నేను లెక్కలో వేసుకోని 14 క్యాసెట్లు. కంపెనీవి కావు. అప్పట్లో రికార్డింగ్ సెంటర్‌కి వెళ్లి, మనకిష్టమైన పాటల చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లు కదా, అవి. వాటికి ఎప్పుడూ అచ్చు కవర్ లేదు. లోపల నాన్న చేతిరాతతో గీతల కాగితం, పాటల పేర్లు, పక్కన సినిమా పేరు. ఒకదాని చివర "పెళ్లికి ముందు, అత్తిలి" అని ఉంది. వీటికి ఏమి గీయాలి? అన్నీ వేరు వేరు సినిమాలు. ఒక్క పాట వింటే ఒక్క బొమ్మ వస్తోంది, కలపడం రావడం లేదు.

పద్మ_పాతపాటలు:
ఏమీ గీయకు నాయనా. ఆ కాగితమే ముందు ముఖం.

గోదారిగట్టు:
పద్మ గారి మాటే నా మాట. 1200లో స్కాన్ చెయ్యండి. సిరా మరకలు తుడవద్దు, మడత గీతలు కూడా ఉంచండి.

అక్షరాల_మురళి:
వీపు మీద పేరు కూడా ఫాంట్‌తో వద్దు. ఆ కాగితంలోంచే నాన్నగారి అక్షరాలు ఏరి పేర్చండి. "అత్తిలి" అన్నది అక్కడే ఉంది కదా, అదే పేరు. త్త ఒత్తు ఉంది, కింద చోటు వదలండి.

సూరి_రాజమండ్రి:
స్కాన్ అయింది. సిరా నీలం స్క్రీన్ మీద ఉన్నట్టు అచ్చులో వస్తుందా రమణ గారూ?

డీటీపీ_రమణ:
అంత నీలం రాదు, కొంచెం ముదురుతుంది. నాకు ఫైల్ పంపండి, మూడు షేడ్లలో చిన్న ముక్క తీసి ఫోటో పెడతాను, నాన్నగారిని అసలు కాగితం పక్కన పెట్టి ఎంచమనండి. 170 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాట్ కాగితం, అంటే మెరుపు లేనిది, వేద్దాం, ఆర్ట్ పేపర్ అయితే మెరిసి చేతిరాత అందం పోతుంది. 12×18 షీటులో పన్నెండు పడతాయి. మిగతా రెండింటికి ఇంకో షీటు కావాలి. అందులో ఖాళీగా మిగిలే పది చోట్లలో మీ బావి, కొత్తవి మిగతా ఎనిమిదీ వేసేద్దాం.